క్రూయిజా, థీమ్ పార్కు రిసార్టా? పెద్దవాళ్లు, పసివాళ్లు కలిసి వెళ్లే కుటుంబానికి ఏది నయం?

మేఘమాల

నమస్కారం అండి. వచ్చే జూలైలో ఆరుగురం కలిసి వారం రోజులు ఎక్కడికైనా వెళ్లాలని అనుకుంటున్నాము. అత్తగారు, మామగారు, మేమిద్దరం, తొమ్మిదేళ్ల అమ్మాయి, మూడున్నరేళ్ల అబ్బాయి. చర్చించి చర్చించి చివరికి రెండు దారులు మిగిలాయి. ఒకటి, ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో వాళ్ల హోటల్‌లోనే దిగి పార్కులు చూడటం. రెండోది, అదే రాష్ట్రంలోని పోర్ట్ కెనావరల్ నుంచి బయలుదేరే కరీబియన్ క్రూయిజ్, అంటే ఓడలో విహారయాత్ర.

మామగారికి మోకాళ్ల నొప్పులు. నిదానంగా నడుస్తారు, ఎక్కువసేపు నిలబడలేరు. అత్తగారికి బస్సులో వెనక సీటులో కూర్చుంటేనే కడుపులో తిప్పుతుంది. అబ్బాయికి ఈమధ్యే డైపర్ మాన్పించాము. అమ్మాయి మాత్రం ఎక్కడికైనా సిద్ధం. మా వారికీ నాకూ కాస్త విశ్రాంతి దొరికితే చాలు. రెండూ చూసినవాళ్లు చెబితే మేలు చేసినవారవుతారు.

గాలిపటం

నా ఓటు పార్కుకే. తొమ్మిదేళ్ల వయసు మళ్లీ రాదు. ఆ వయసులో పిల్లలకు భయమూ సరదాగానే ఉంటుంది, మాయ కూడా ఇంకా పూర్తిగా చెదిరిపోదు. ఇంకో నాలుగేళ్లు ఆగితే మీ అమ్మాయి ఫోను చూసుకుంటూ క్యూలో నిలబడుతుంది.

అక్కడున్నది ఒక్క పార్కు కాదు, నాలుగు. 1971లో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్, 1982 నాటి ఎప్కాట్, 1989లో వచ్చిన హాలీవుడ్ స్టూడియోస్, 1998లో వచ్చిన యానిమల్ కింగ్‌డమ్. దేని రుచి దానిదే. పెద్దవాళ్లకు ఎప్కాట్ బాగా నచ్చుతుంది. అక్కడ ఒక కొలను చుట్టూ 11 దేశాల మండపాలు ఉంటాయి. ఎక్కడపడితే అక్కడ కూర్చుంటూ, సంగీతం వింటూ సాయంత్రమంతా గడిపేయవచ్చు. మామగారికి వీల్‌చైర్ అద్దెకు తీసుకోండి, మొహమాటపడకండి. క్రూయిజ్‌లో ఉన్న ఈత కొలను, జారుడుబల్ల ఏ హోటల్‌లోనైనా ఉంటాయి.

లంగరు

గాలిపటం గారూ, ఆ చివరి మాటతో నేను ఏకీభవించలేను. ఓడ అంటే నీళ్లమీద తేలే హోటల్ అనుకుంటే దాని అసలు సుఖం కనబడదు. మేఘమాల గారు అడిగిన దాంట్లో నాకు ముఖ్యంగా కనిపించింది ‘మా వారికీ నాకూ కాస్త విశ్రాంతి’ అన్న మాట. దాని గురించే చెబుతాను.

పార్కులో తల్లిదండ్రులు చేసేది ఉద్యోగమే. ఏ రైడ్‌కు ఎప్పుడు వెళ్లాలో ముందే చూసుకోవాలి. క్యూ తగ్గించుకోవడానికి డబ్బు కట్టి కొనే లైట్నింగ్ లేన్ సమయాలను, అక్కడి హోటల్‌లో దిగేవాళ్లయితే బసకు ఏడు రోజుల ముందే ఫోనులో పట్టుకోవాలి. మంచి సమయాలు పొద్దున్నే అయిపోతాయి. భోజనానికి ముందే బల్ల కేటాయింపు చేయించుకోవాలి. పిల్లవాడు నిద్రపోతే ఆ పట్టిక మొత్తం తలకిందులవుతుంది. రోజంతా ఒకరి చేతిలో ఫోను ఉంటుంది, ఆ ఒకరు సాధారణంగా అమ్మే.

ఓడలో గది నుంచి భోజనశాలకు, అక్కడి నుంచి నాటకశాలకు లిఫ్టులో వెళ్తాము. పెట్టెలు ఒకసారి సర్దితే దిగేదాకా ముట్టుకోనక్కరలేదు. తాతగారు డెక్ మీద నీడలో కుర్చీ వేసుకుని సముద్రం చూస్తూ ఉంటారు. పిల్లలు వెళ్లి వస్తుంటారు, ఎవరినీ ఎవరూ లాక్కెళ్లనక్కరలేదు. మూడు తరాలు కలిసి వెళ్లేటప్పుడు ఇంతకన్నా కావలసింది ఏముంది?

కొత్తచిగురు

లంగరు గారు చెప్పిందంతా మూడేళ్లు దాటిన పిల్లలున్నవాళ్లకు సరిపోతుంది. చంటిపిల్లలున్నవాళ్లు కూడా ఈ చర్చ చదువుతుంటారు కాబట్టి కొన్ని సంగతులు చేరుస్తున్నాను.

చాలా ఓడలు ఆరు నెలలు నిండని పిల్లలను ఎక్కించుకోవు. మహాసముద్రాలు దాటే పెద్ద ప్రయాణాలకైతే ఏడాది నిండాలి. ఉచిత పిల్లల క్లబ్బులు సాధారణంగా మూడేళ్ల నుంచి మొదలవుతాయి, అదీ మరుగుదొడ్డి అలవాటైన పిల్లలకే. అంతకన్నా చిన్నవాళ్లకు కొన్ని ఓడల్లో శిశుకేంద్రం ఉంటుంది. దానికి గంటల లెక్కన విడిగా చెల్లించాలి, చోటు త్వరగా నిండిపోతుంది. ఇక ఈత కొలను సంగతి. అమెరికా రేవులకు వచ్చే ఓడల్లో డైపర్ వేసుకున్న పిల్లలను మామూలు కొలనులో దిగనివ్వరు, ఈత డైపరైనా సరే. వాళ్లకోసం నీళ్లు చిమ్మే ఆటస్థలం కొన్ని ఓడల్లోనే ఉంటుంది. ఎదురుగా నీళ్లు కనబడుతుంటే దిగవద్దని ఏడాదిన్నర బిడ్డకు నచ్చజెప్పడం ఎంత కష్టమో తల్లులకు తెలుసు.

మేఘమాల గారూ, మీ అబ్బాయి డైపర్ మానేశాడు కాబట్టి మీకు ఈ చిక్కు లేదు. కానీ కొత్తచోట మళ్లీ తడుపుకోవడం మామూలే. అలా జరిగితే క్లబ్బు వాళ్లు మిమ్మల్ని పిలుస్తారు, వాళ్లు బట్టలు మార్చరు. ఈ నియమం ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది, ముందే అడగండి.

గాలిపటం

చంటిపిల్లల విషయంలో పార్కుదే పైచేయి అని నేనూ అనబోయాను. డిస్నీ వరల్డ్ పార్కుల్లో మూడేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కరలేదు. ఓడలో పసిబిడ్డకైనా తల లెక్క కడతారు. రేవు పన్నులు, చాలా సంస్థల్లో రోజువారీ సిబ్బంది బహుమానం కూడా పిల్లలకు పడతాయి. ప్రకటనలో కనిపించే ధర ఒకటి, చివరికి కట్టేది మరొకటి.

లంగరు

ఆ మాట నిజమే. అయితే పార్కులోనూ పదేళ్లు నిండితే పెద్దవాళ్ల టికెటే. ఓడలో ఒకే గదిలో మూడో వ్యక్తికీ నాలుగో వ్యక్తికీ సాధారణంగా ధర బాగా తగ్గుతుంది. పైగా అందులో మూడు పూటలా తిండి, ప్రదర్శనలు, పిల్లల క్లబ్బు కలిసి ఉంటాయి. పార్కులో నీళ్ల సీసా దగ్గరి నుంచి మిక్కీ మౌస్ చెవుల టోపీ దాకా చేయి జేబులోకి పోతూనే ఉంటుంది. ఓడలో విడిగా పడేవి నాలుగైదే: వైఫై, మద్యం, శీతల పానీయాలు, రేవుల్లో యాత్రలు, సిబ్బంది బహుమానం. ముందే లెక్క వేసుకోవచ్చు.

ఒక్క హెచ్చరిక. రేవు దాటగానే ఫోనును విమానం మోడ్‌లో పెట్టండి. ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు అది దానంతటదే తగులుకుంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది.

పాత బాటసారి

ఇద్దరూ బాగా చెప్పారు. అబ్బాయి ఎత్తు ఎంత? పార్కు విషయంలో వయసు కన్నా ఎత్తే ముఖ్యం. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే 112 సెంటీమీటర్లు ఉండాలి. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కు 97 చాలు. రైడ్ ముందు కొలబద్ద పెట్టి మరీ చూస్తారు. ఒక్క సెంటీమీటరు తగ్గినా పంపరు. అది పిల్లల భద్రతకు సంబంధించిన విషయం, బతిమాలి లాభం లేదు.

అయితే ఒక మంచి ఏర్పాటు ఉంది. చిన్నవాడు ఎక్కలేని రైడ్ దగ్గర ఒక పెద్దవాళ్లు వాడితో బయట ఉంటారు, మిగతావాళ్లు ఎక్కి వస్తారు. తరువాత బయట ఉన్నవాళ్లు మళ్లీ మొత్తం క్యూలో నిలబడకుండానే వెళ్లవచ్చు. రైడర్ స్విచ్ అంటారు. దీనికి విడిగా డబ్బు కట్టనక్కరలేదు, ద్వారం దగ్గరున్న సిబ్బందిని అడిగితే చాలు. అప్పుడు మీ అమ్మాయి రెండుసార్లు ఎక్కే వీలు కూడా దొరకవచ్చు.

మేఘమాల

ఇప్పుడే గోడకు ఆనించి కొలిచాను. 96 సెంటీమీటర్లు! జూలైకి ఆ ఒక్క సెంటీమీటరు పెరుగుతాడనే అనుకుంటున్నాను. కానీ 112 అంటే ఇంకా చాలా దూరం. అక్క ఎక్కుతుంటే వాడు కింద నిలబడి ఏడుస్తాడు, అది మాత్రం ఖాయం.

అత్తగారి కడుపు తిప్పడం గురించి ఎవరైనా చెప్పగలరా?

తెల్లకోటు

నేను వైద్యురాలిని. ఇక్కడ రాసేది సాధారణ సమాచారమే, మందుల విషయం మీ డాక్టరుతో మాట్లాడండి.

పెద్ద ఓడలకు నీటి కింద రెండు వైపులా రెక్కల్లాంటి స్థిరకాలు ఉంటాయి. అవి పక్కలకు ఊగడాన్ని బాగా తగ్గిస్తాయి. ముందుకూ వెనక్కూ లేచిపడే కదలికను అంతగా ఆపలేవు. అందుకే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో గది తీసుకోమంటారు. కదలిక అన్నిటికన్నా తక్కువ ఉండేది అక్కడే. పై అంతస్తులో ముక్కు దగ్గర బాల్కనీ గది ఎంత అందంగా కనబడినా మీ అత్తగారికి వద్దు.

కడుపు తిప్పడం మొదలైతే గదిలో పడుకుని పుస్తకం చదవడం కన్నా డెక్ మీదికి వచ్చి దూరంగా క్షితిజరేఖను చూడటం మంచిది. కంటికి కనిపించేదీ చెవి లోపలి సమతుల్య అవయవం చెప్పేదీ ఒకటైతే మెదడు కుదుటపడుతుంది. చెవి వెనుక అంటించే స్కోపోలమైన్ పట్టీ చాలామంది వాడతారు. గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లకు, ప్రోస్టేట్ వల్ల మూత్రం సరిగా రానివాళ్లకు అది ప్రమాదం. పెద్ద వయసువాళ్లలో అయోమయం కలిగించవచ్చు. పక్క గదివాళ్లు ఇచ్చారని అంటించుకోకూడదు. ఇంకో సంగతి, ఈ బాధ రెండేళ్లలోపు పిల్లల్లో అరుదు, తొమ్మిది పదేళ్ల దగ్గర ఎక్కువ. అంటే మీ అత్తగారికి కాక మీ అమ్మాయికే రావచ్చు.

ఓడల్లో వాంతులు, విరేచనాలు వ్యాపిస్తాయని అందరూ భయపడే నోరోవైరస్ మీద మద్యసారంతో చేసే చేతి ద్రవం సరిగా పనిచేయదు. సబ్బు, పారే నీళ్లు కావాలి. భోజనశాల ద్వారం దగ్గర ద్రవం సీసా కనబడినా పిల్లలను ముందు కడుగుతొట్టి దగ్గరికే తీసుకెళ్లండి. ఈ వైరస్ పాఠశాలల్లోనూ, వృద్ధాశ్రమాల్లోనూ ఉంటుంది. ఓడలు ఎంతమందికి జబ్బు చేసిందో లెక్క చెప్పవలసి ఉంటుంది కాబట్టి వార్తల్లోకి వస్తాయి.

ఓడలో వైద్యకేంద్రం ఉంటుంది, అక్కడి ఖర్చు మీదే. పెద్ద జబ్బు చేస్తే హెలికాప్టర్‌లోనో దగ్గరి రేవులోనో దింపవలసి వస్తుంది. అత్యవసర తరలింపు కూడా ఉన్న బీమా లేకుండా పెద్దవాళ్లను ఓడ ఎక్కించవద్దని గట్టిగా చెబుతున్నాను.

పాత బాటసారి

తెల్లకోటు గారికి ధన్యవాదాలు. జూలై అన్నారు కాబట్టి వాతావరణం మాట కూడా అనుకోవాలి. అట్లాంటిక్‌లో తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఎక్కువ తీవ్రత ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ దాకా. తుపాను వస్తే ఓడ పక్కకు తప్పుకుంటుంది, అది దాని సుగుణం. కానీ మీరు చూడాలనుకున్న ద్వీపం బదులు మరో చోట ఆగుతుంది, లేదా ఎక్కడా ఆగకుండా సముద్రం మీదే ఒక రోజు గడుస్తుంది. ఒప్పందంలోనే ఆ హక్కు వాళ్లకు ఉంటుంది. ఫలానా ద్వీపం చూడకపోతే ప్రయాణం వృథా అనుకునేవాళ్లు క్రూయిజ్ ఎంచుకోకూడదు.

పార్కుల్లో జూలై అంటే మండే ఎండ, ఉక్క, మధ్యాహ్నం ఉరుములతో వాన. ఉరిమినప్పుడు బయటి రైడ్లు ఆపేస్తారు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఆ ఎండలో తిప్పడం నాకు నచ్చదు. పొద్దున తెరిచేసరికి వెళ్లి, మధ్యాహ్నం హోటల్‌కు తిరిగి వచ్చి పడుకుని, సాయంత్రం మళ్లీ వెళ్లడమే మార్గం. అలా చేయాలంటే హోటల్ దగ్గరగా ఉండాలి. కాంటెంపరరీ అనే హోటల్ నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కు నడిచే వెళ్లవచ్చు, మోనోరైలు హోటల్ లోపలి నుంచే పోతుంది. ఖర్చు ఎక్కువే. కానీ ముసలివాళ్లతో వెళ్లేటప్పుడు దూరం తగ్గించుకోవడానికి పెట్టే డబ్బు వృథా కాదు.

రేవుగట్టు

వీసా గురించి ఎవరూ అనలేదు! క్రూయిజ్ అంటే దేశం దాటి మళ్లీ దేశంలోకి రావడం. అమెరికాలోకి ఒక్కసారే ప్రవేశం ఉన్న వీసాతో ఎక్కితే తిరిగి దిగేటప్పుడు ఇబ్బంది. పలుసార్లు ప్రవేశం ఉందో లేదో ఆరుగురి పాస్‌పోర్టుల్లోనూ చూడండి. ఓడ ఆగే ప్రతి దేశం నియమమూ విడిగా చూడాలి. ‘మేము దిగం, ఓడలోనే ఉంటాం’ అన్నా కొన్ని దేశాలు వీసా అడుగుతాయి.

కొందరు ఎండ భరించలేక అలాస్కా వైపు చూస్తారు. వాళ్లకోసం చెబుతున్నాను. సియాటెల్ నుంచి బయలుదేరి అలాస్కా చూసి మళ్లీ సియాటెల్‌కే వచ్చే ఓడలు మధ్యలో కెనడాలోని విక్టోరియా వంటి రేవులో ఆగుతాయి. దానికి కారణం 1886 నాటి అమెరికా చట్టం. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్య మాత్రమే ప్రయాణికులను తిప్పకూడదు, విదేశీ రేవును తాకాలి. పెద్ద విహార నౌకలు దాదాపు అన్నీ విదేశీ జెండాతో నడిచేవే. ఆ రేవులో ఓడ సాయంత్రం కొద్ది గంటలే ఆగినా కెనడా వీసా సంగతి మాత్రం తేల్చుకోవలసిందే.

గాలిపటం

ఇన్ని కాగితాల పని పార్కులో లేదు కదా! సరే, ఓడ అభిమానులను ఒకటి అడుగుతాను. సముద్రం మీద రోజంతా గడిపే రోజున తొమ్మిదేళ్ల పిల్ల ఏం చేస్తుంది? రాత్రి బాణసంచా వెలుగులో మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని కోటను చూసిన పిల్ల మొహం మీరు చూశారా? దానికి సమానమైనది ఓడలో ఏముంది?

లంగరు

కోట లేదు. దానికి సమానం అని నేను చెప్పను. కానీ పిల్లలకు ఓడలో దొరికే ఒక విషయం పార్కులో దొరకదు. అది స్వేచ్ఛ. తొమ్మిదేళ్ల పిల్లను పార్కు జనంలో చేయి వదిలి ఒక్క క్షణం ఉండలేము. ఓడలో అదే పిల్ల రెండో రోజుకల్లా క్లబ్బులో స్నేహితులను చేసుకుంటుంది. కొన్ని ఓడల్లో ఆ వయసు పిల్లలు తల్లిదండ్రుల అనుమతి ఉంటే తామే క్లబ్బు నుంచి బయటికి రావచ్చు. గది నంబరు గుర్తుపెట్టుకుని, లిఫ్టు ఎక్కి, తాతయ్య ఏ డెక్ మీద ఉన్నారో వెతుక్కుంటూ వస్తుంది. ఆ పిల్ల నడకే మారిపోతుంది. అది నేను మా ఇంట్లో చూశాను.

డిస్నీ ఓడల్లో ఇంకో ఏర్పాటు ఉంది. రోజుకో భోజనశాల మారుతుంది, వడ్డించేవాళ్లు మాత్రం మీతోపాటే వస్తారు. మూడో రోజుకల్లా చిన్నవాడికి ఏం కావాలో వాళ్లకు తెలిసిపోతుంది. కూర్చోగానే పళ్ల ముక్కలు వాడి ముందుకు వచ్చేస్తాయి. తిండి వచ్చేలోగా పసివాడు గోల చేయడమే కదా బయటి భోజనాల్లో అసలు యాతన!

ఇసుకగూడు

నా ప్రశ్న వేరు. మేఘమాల గారూ, మీ అత్తగారిని, మామగారిని ఎవరైనా అడిగారా? ఈ చర్చ అంతా వాళ్ల మోకాళ్లు, వాళ్ల కడుపు చుట్టూ తిరుగుతోంది. వాళ్లకు ఏది ఇష్టమో ఒక్కరూ అనలేదు. పెద్దవాళ్లను సామాను లెక్కన ‘వీళ్లను ఎలా మోసుకెళ్లాలి’ అని ఆలోచించడం నాకు బాధ కలిగిస్తుంది. కోపంతో కాదు, ప్రేమతోనే అంటున్నాను.

మేఘమాల

మీ మాట చదివాక రాత్రి భోజనాల దగ్గర అడిగాము. మామగారు యంత్రాల మధ్య పనిచేసి రిటైరయినవారు. ‘అంత ఇనుము నీళ్లమీద ఎలా నిలుస్తుందో దగ్గరగా చూడాలని చిన్నప్పటి నుంచి ఉంది’ అన్నారు. పార్కు గురించి ఆయన ఒక్క మాటా అనలేదు. అత్తగారు వేరేలా చెప్పారు. ‘కడుపు తిప్పితే మాత్ర వేసుకుంటాను. పొద్దున మీరంతా వెళ్లిపోయి రాత్రి అలసిపోయి వస్తే నేను హోటల్ గదిలో గోడలు చూస్తూ కూర్చోవాలా? పిల్లలు కళ్లముందు తిరిగే చోటికి పోదాం’ అన్నారు.

అయితే అమ్మాయికి కోట చూడాలని ఉంది. ఓడ దిగాక రెండు రోజులు పార్కు కూడా కలిపితే ఎలా ఉంటుంది? పోర్ట్ కెనావరల్ నుంచి అక్కడికి కారులో గంట ప్రయాణమే అంటున్నారు.

పాత బాటసారి

దూరం గంటే. కానీ ఓడ దిగే రోజు పొద్దున్నే గది ఖాళీ చేయాలి, సామాను వెతుక్కోవాలి, తనిఖీ వరుసలో నిలబడాలి. అదే రోజు పార్కు పెట్టుకోవద్దు. కలపాలనుకుంటే పార్కును ముందు పెట్టండి, ఓడను తరువాత పెట్టండి. అలసట ముందు, విశ్రాంతి వెనుక. ముందే ఆ ఊరికి చేరి ఉంటారు కాబట్టి విమానం ఆలస్యమై ఓడ తప్పిపోయే భయమూ ఉండదు. ఓడ ఎవరికోసమూ ఆగదు.

గాలిపటం

ముందు పార్కు, తరువాత ఓడ అంటే నాకూ సమ్మతమే! ఒక్క రోజే అయితే మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్కటే చూడండి, మిగతా మూడింటి జోలికి పోవద్దు. అక్కడి హోటల్‌లో దిగినవాళ్లను అరగంట ముందే లోపలికి పంపుతారు. ఆ అరగంటలో మైన్ ట్రైన్ ఎక్కేయండి. అప్పటికి మీవాడు 97 దాటాలని కోరుకుంటున్నాను.

మేఘమాల

అదే చేస్తున్నాము. ఒక రోజు కోట, మర్నాడు పూర్తిగా విశ్రాంతి, తరువాత ఓడ. ఇక గదుల సంగతి. ఆరుగురికి రెండు గదులు. మధ్యలో తలుపు ఉన్నవి దొరుకుతాయా?

లంగరు

దొరుకుతాయి, తక్కువే ఉంటాయి. డెక్ పటంలో రెండు గదుల మధ్య చిన్న గుర్తు ఉంటుంది, అదే లోపలి తలుపు. పక్కపక్క గదులన్నీ అలాంటివి కావు. కాబట్టి డబ్బు కట్టేముందు గది నంబర్లు చెప్పి నిర్ధారించుకోండి. అత్తగారికోసం మధ్యభాగం, కింది డెక్. మామగారికోసం లిఫ్టుకు దగ్గర, ఎందుకంటే పెద్ద ఓడల నడవాలు చాలా పొడవు. 2024 జనవరిలో మొదటి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్ పొడవు దాదాపు 365 మీటర్లు, అంతస్తులు 20. దాని జంట ఓడ స్టార్ ఆఫ్ ది సీస్ 2025 ఆగస్టు నుంచి మీరు అనుకుంటున్న పోర్ట్ కెనావరల్ నుంచే నడుస్తోంది. అంతటి ఓడలో చివరి గది పడితే భోజనానికి వెళ్లి రావడమే మామగారికి ఒక నడక.

రేవుల్లో కొన్ని చోట్ల ఓడ గట్టుకు ఆనదు, చిన్న పడవల్లోకి మారి వెళ్లాలి. అలాంటి రేవులు ఎన్ని ఉన్నాయో చూసుకుని తక్కువ ఉన్న ప్రయాణం ఎంచుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఊగే పడవలోకి అడుగుపెట్టడం కష్టం. డిస్నీ ఓడల ప్రత్యేక ద్వీపం క్యాస్టవే కేలో ఓడ గట్టు దగ్గరే ఆగుతుంది.

ఎక్కిన రోజే భద్రతా శిక్షణ ఉంటుంది. ప్రమాదం జరిగితే మీరంతా ఎక్కడ చేరాలో చెబుతారు. దాన్ని తప్పించుకోవాలని చూడకండి. రెండు గదులకూ చేరే చోటు ఒకటేనా అని అడగండి, పిల్లలకు చేతి పట్టీలు కట్టించండి, సరైన కొలత లైఫ్ జాకెట్ ఎక్కడ ఉంటుందో అప్పుడే అడిగి తెలుసుకోండి.

మేఘమాల

రేపు పొద్దున ఫోను చేసి గది నంబర్లు అడుగుతాను. తలుపు ఉన్న జత మధ్యభాగంలో దొరకకపోతే దేన్ని వదులుకోమంటారు, తలుపునా, మధ్యభాగాన్నా?

తెల్లకోటు

తలుపును వదులుకోండి. ఎదురెదురు గదులైనా సర్దుకోవచ్చు, అత్తగారి కడుపు సర్దుకోదు.

లంగరు

నాదీ అదే మాట. అమ్మాయిని తాతయ్య, నానమ్మల గదిలో పడుకోబెట్టండి, అబ్బాయి మీ దగ్గర ఉంటాడు.